తిరిగి తీసుకోలేని తీర్పు

మార్టూరు చుట్టుపక్కల పత్తి, మిరప పండించే రైతుకు కాటా విలువ ఎవరూ నేర్పనక్కరలేదు. బస్తా ఎక్కించే ముందు ముల్లు సున్నా దగ్గర నిలిచిందా లేదా అని చూస్తాడు. అనుమానం వస్తే బస్తా దింపించి మళ్ళీ తూయిస్తాడు. ఆ రోజు తూకంలో మోసపోయినా, మరుసటి ఏడు మరో పంట వస్తుంది. పోయిన నష్టాన్ని పూడ్చుకునే అవకాశం ఉంటుంది.

ఒక శుక్రవారం జుమా నమాజు తరువాత అక్కడ కొందరి మధ్య జరిగిన మాటలు విన్నాం. ఎక్కడో ఒక ఆడపిల్లను దారుణంగా చంపారన్న వార్త అప్పుడే అందరి సెల్‌ఫోన్లలోకి వచ్చింది. ఒక యువకుడు ఆవేశంగా, "పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నచోటే ఉరి తీయాలి చాచా! ఇంకా విచారణలేమిటి?" అన్నాడు. పక్కనున్న పెద్దాయన మెల్లగా, "పత్తి అమ్మేటప్పుడు కాటా ఒకసారి చూస్తావా, రెండుసార్లు చూస్తావా బేటా?" అని అడిగారు. "రెండుసార్లు చూస్తాను" అన్నాడు యువకుడు. "మరి మనిషి ప్రాణాన్ని తూచేటప్పుడో?" అన్నారాయన. యువకుడు మౌనం వహించాడు.

ఆ యువకుడి ఆవేశం చెడ్డది కాదు. అన్యాయాన్ని చూసి రగిలిపోని గుండెలో విశ్వాసం బలహీనంగా ఉన్నట్లే. కాని ఆ పెద్దాయన అడిగిన ప్రశ్నకు మనమందరం జవాబు చెప్పుకోవాలి. ఈ నెల పాఠంలో ఆ ప్రశ్ననే తీసుకున్నాం.

రెండు వేరు వేరు ప్రశ్నలు

మరణశిక్ష గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు ప్రశ్నలను కలిపేస్తుంటాం. హంతకుడికి మరణశిక్ష న్యాయమేనా అన్నది మొదటిది. మన ముందు నిలబెట్టిన ఈ మనిషే హంతకుడా అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు అవునని జవాబు చెప్పినంత మాత్రాన రెండవ ప్రశ్నకు జవాబు దొరికినట్లు కాదు. మన కోపమంతా మొదటి ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. నిర్దోషి ప్రాణం మాత్రం రెండవ ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది.

ఇస్లాం మొదటి ప్రశ్నకు దాపరికం లేకుండా జవాబిచ్చింది. ఉద్దేశపూర్వకంగా చేసిన హత్యకు ఖిసాస్, అంటే సమాన ప్రతిక్రియ, ధర్మసమ్మతమే. వివేకవంతులకు ఖిసాస్‌లో జీవితం ఉందని అల్ బఖరా సూరా 179వ ఆయతు బోధిస్తుంది. అయితే ఆ ఆదేశాన్ని సగం మాత్రమే గుర్తుంచుకునేవారు మనలో ఎక్కువ. దానికి ముందున్న 178వ ఆయతులోనే హతుని వారసులకు క్షమించే హక్కు ఇవ్వబడింది. రక్తపరిహారం తీసుకుని ప్రాణం విడిచిపెట్టే మార్గం చూపబడింది. ఆ క్షమాపణ గురించి చెప్పే సందర్భంలో 'సోదరుడు' అన్న మాట వాడబడింది! హత్య జరిగిన తరువాత కూడా ఆ బంధాన్ని అల్లాహ్ గుర్తు చేస్తున్నాడంటే అది ఎంత లోతైన విషయమో ఆలోచించండి. క్షమించినవారికి అది పాప పరిహారం అవుతుందని అల్ మాయిదా సూరా 45వ ఆయతు తెలుపుతుంది. ఖిసాస్ వ్యాజ్యం తన వద్దకు వచ్చినప్పుడల్లా దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) క్షమించమని సూచించేవారని హజ్రత్ అనస్ (రజి) తెలిపారు.

ఇక బనీ ఇస్రాయీల్ సూరా 33వ ఆయతు అన్యాయంగా చంపబడినవాని వారసునికి హక్కు ఇస్తూనే, చంపే విషయంలో హద్దు మీరవద్దని హెచ్చరిస్తుంది. హద్దు మీరడమంటే ఏమిటి? హంతకుణ్ణి వదిలి మరొకణ్ణి చంపడం కూడా హద్దు మీరడమేనని వ్యాఖ్యాతలు వివరించారు. అంటే రెండవ ప్రశ్న ఖుర్ఆన్ ఆదేశంలోనే ఇమిడి ఉంది. ఈ శిక్షను అమలు చేసే అధికారం కూడా వ్యక్తులది కాదు, గుంపులది అసలే కాదు. అది విచారణ జరిపి తీర్పు చెప్పే న్యాయాధికారిది.

మన పక్కనే జరిగిన సంఘటన

మార్టూరు నుండి హైవే మీద కొద్ది దూరం వెళితే చిలకలూరిపేట వస్తుంది. 1993 మార్చి 8న ఆ ప్రాంతంలో ఒక ఆర్టీసీ బస్సులో దోపిడీకి పూనుకున్న ఇద్దరు యువకులు దానికి నిప్పు పెట్టారు. 23 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఈ ప్రాంతంలో పెద్దవారికి ఆ రోజు ఇప్పటికీ గుర్తే. గుంటూరు సెషన్స్ కోర్టు 1995లో ఇద్దరికీ ఉరిశిక్ష విధించింది. హైకోర్టు దానిని ఖరారు చేసింది. 1996లో సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. క్షమాభిక్ష అర్జీని నాటి రాష్ట్రపతి తిరస్కరించారు. 1997 మార్చిలో రాజమండ్రి సెంట్రల్ జైలులో ఉరికి తేదీ కూడా నిర్ణయమైంది. పౌరహక్కుల సంఘాలవారు, రచయితలు పట్టుదలగా ప్రయత్నించగా ఆఖరి గడియల్లో సుప్రీంకోర్టు దానిని ఆపింది. 1998లో రాష్ట్రపతి కె.ఆర్.నారాయణన్ ఆ శిక్షను యావజ్జీవ ఖైదుగా మార్చారు.

ఇక్కడ నేరం చేసినదెవరన్న విషయంలో పెద్ద వివాదం లేదు. నేరం ఘోరమైనది. 23 కుటుంబాల కన్నీటిని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయినా ఒక సంగతి గమనించండి. అదే నేరం, అవే మనుషులు, అదే రాజ్యాంగం. ఒక రాష్ట్రపతి భవన్ నుండే ఏడాది తేడాలో ఒకసారి చావు, మరొకసారి బతుకు జవాబుగా వచ్చాయి. ఆ రాత్రి ఉరి ఆగకపోయి ఉంటే రెండవ జవాబు అందుకోవడానికి మనుషులు మిగిలి ఉండేవారు కారు. నేరం రుజువైనచోటే మనుషుల నిర్ణయాలు ఇంత ఊగిసలాడితే, నేరస్తుడెవరో సందేహంలో ఉన్నచోట పరిస్థితి ఏమిటి?

మన ఇంటి బిడ్డ కేసు

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే కేసు మన తెలుగు ముస్లిం సమాజానికి బాగా తెలిసినదే. 2007 డిసెంబరు 27న విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో, తాను ఉంటున్న హాస్టల్లో ఆయేషా మీరా హత్యకు గురైంది. ఆమె తెనాలికి చెందిన ఫార్మసీ విద్యార్థిని. రాష్ట్రమంతా అట్టుడికిపోయింది. దోషిని వెంటనే పట్టుకోవాలని ప్రజలు రోడ్ల మీదికి వచ్చారు.

ఎనిమిది నెలల తరువాత, 2008 ఆగస్టులో, నందిగామ ప్రాంతానికి చెందిన సత్యంబాబు అనే దళిత యువకుణ్ణి పోలీసులు అరెస్టు చేశారు. జైల్లో ఉండగానే అతని నరాలు దెబ్బతిని నడవలేని స్థితికి వచ్చాడు. 2010 సెప్టెంబరులో విజయవాడలోని కోర్టు అతణ్ణి దోషిగా నిర్ణయించి యావజ్జీవ శిక్ష వేసింది.

అప్పుడు ఆయేషా తల్లిదండ్రులు ఏం చేశారో మనం మన పిల్లలకు చెప్పాలి. కూతుర్ని పోగొట్టుకున్నవారికి ఎవరో ఒకరికి శిక్ష పడితే కొంత ఊరట కలుగుతుందని లోకం అనుకుంటుంది. వారు మాత్రం సత్యంబాబు ఈ నేరం చేయలేదని మొదటినుండీ అంటూనే వచ్చారు. తమ బిడ్డ పేరు మీద ఒక అమాయకుడు శిక్ష అనుభవించడానికి వారు ఒప్పుకోలేదు. అతను తమ మతంవాడు కాడు, బంధువు కాడు. అయినా అతని తరఫున నోరు విప్పారు. అసలు దోషిని పట్టుకోమన్న డిమాండును మాత్రం ఒక్కరోజు కూడా వదలలేదు.

2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు సత్యంబాబును నిర్దోషిగా ప్రకటించింది. అతనికి లక్ష రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. దర్యాప్తు జరిగిన తీరును తప్పుపట్టింది. ఎనిమిదిన్నరేళ్ళకు పైగా బందీగా ఉన్న అతను ఏప్రిల్‌లో రాజమండ్రి జైలు నుండి బయటికి వచ్చాడు. చిలకలూరిపేట కేసులో ఉరికంబం సిద్ధమైనది కూడా ఆ జైలులోనే! 2018లో హైకోర్టు ఆయేషా కేసును సీబీఐకి అప్పగించింది. కోర్టులో భద్రంగా ఉండవలసిన సాక్ష్య వస్తువులు ధ్వంసమయ్యాయన్న సంగతి కూడా బయటపడింది. 2019 డిసెంబరులో తెనాలిలో ఆమె సమాధిని తెరిచి మళ్ళీ పరీక్షలు జరిపారు. ఇన్నేళ్ళు గడిచినా ఆమెను చంపినదెవరో ఏ కోర్టులోనూ నిలబడేలా రుజువు కాలేదు.

సత్యంబాబుకు పడినది యావజ్జీవం కాబట్టి జైలు తలుపు తెరిచి అతణ్ణి పంపించగలిగారు. పోయిన యవ్వనం, ఆరోగ్యం తిరిగి రాలేదు. కాని మనిషి ఇంటికి వచ్చాడు, తల్లి ముఖం చూశాడు. అతనికి ఉరి వేసి ఉంటే 2017 నాటి తీర్పు ఎవరికి చదివి వినిపించేవారు? ఆ లక్ష రూపాయలు ఎవరి చేతిలో పెట్టేవారు? ఖైదీ కోసం జైలు తలుపు తెరవవచ్చు. ఖబరస్తాన్‌లో సమాధిని తెరిచినా ప్రాణం మాత్రం రాదు.

తొందరపాటు న్యాయం కాదు

2019 డిసెంబరు నెలను మరొకసారి గుర్తు చేసుకుందాం. అంతకు ముందు నవంబరు చివరలో హైదరాబాదు శివార్లలో 'దిశ' పేరుతో మనమెరిగిన యువ పశువైద్యురాలు హత్యకు గురైంది. డిసెంబరు 6న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. చాలాచోట్ల మిఠాయిలు పంచుకున్నారు, పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో వెలువడిన తన నివేదికలో, చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని, నలుగురిలో ముగ్గురు మైనర్లని పేర్కొంది. వారు నేరం చేశారా లేదా అన్నది ఇక ఏ కోర్టూ విచారించలేదు.

ఆ డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. స్పష్టమైన ఆధారాలున్న అత్యాచారం కేసుల్లో దర్యాప్తు, విచారణ కలిపి 21 పనిదినాల్లో ముగించి మరణశిక్ష విధించాలన్నది దాని సారాంశం. అది చట్టంగా అమల్లోకి రాలేదు. ఆడపిల్లలకు రక్షణ కావాలన్న ఆవేదన న్యాయమైనదే. కాని లెక్క చూడండి. ఆయేషా కేసులో అరెస్టుకే ఎనిమిది నెలలు, శిక్షకు మరి రెండేళ్ళు పట్టాయి. అయినా తీర్పు తప్పయింది. ఆ తప్పు బయటపడటానికి మరో ఆరున్నరేళ్ళు పట్టింది. 21 రోజుల్లో ముగిసే కేసులో ఆ తప్పు ఎప్పుడు బయటపడుతుంది?

నిర్దోషి పట్టుబడిన నాడు

అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో హజ్రత్ వాయిల్ బిన్ హుజ్ర్ (రజి) ఉల్లేఖనం ఒకటి ఉంది. వివరాల్లో కొన్ని తేడాలున్నా దాని సారాంశం ఇది. ఒక స్త్రీ నమాజు కోసం వెళుతుండగా ఒకడు ఆమె మీద అఘాయిత్యం చేసి పారిపోయాడు. ఆమె కేకలు వేసింది. ఆ దారిన వెళుతున్న మరొక మనిషిని చూపి ఇతనేనని చెప్పింది. జనం అతణ్ణి పట్టుకొచ్చారు. ఆమె మళ్ళీ ఇతనేనని అంది. శిక్షకు ఆదేశం వెలువడిన క్షణంలో అసలు నేరస్తుడు లేచి, చేసినది తానేనని ఒప్పుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ స్త్రీకి అల్లాహ్ క్షమాపణ శుభవార్త చెప్పి పంపారు. పట్టుబడిన నిర్దోషితో మంచి మాటలు పలికారు.

ఈ సంఘటనలో బాధితురాలు అబద్ధం చెప్పలేదు, పొరబడింది. పట్టుకున్నవారు దుర్మార్గులు కారు, సాయపడదామని పరుగెత్తినవారు. అందరి ఉద్దేశం మంచిదే. అయినా నిర్దోషి మెడ మీదికి శిక్ష వచ్చింది. తప్పు జరగడానికి దుష్టుడే అక్కరలేదని దీని ద్వారా మనకు తెలుస్తోంది. అగోచర జ్ఞానం అల్లాహ్‌కు మాత్రమే ఉంది. తానూ మానవుడినేనని, వాదించడంలో నేర్పరి అయినవాని మాట విని తాను ఒకరి హక్కును మరొకరికి తీర్పుగా ఇస్తే, అది అగ్నిముక్క అని తెలుసుకుని తీసుకోవద్దని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) తెలిపారు. దైవవాణి అందుకునే ప్రవక్తే ఇలా చెబితే, మన స్టేషన్లు, కోర్టులు, పత్రికలు పొరబడవని ఎలా అనుకోగలం?

సందేహం నిందితునికి చెందుతుంది

తిర్మిజీలో హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా వచ్చిన ఒక ఉల్లేఖనం భావం ఇది: వీలైనంత వరకు శిక్షలను తప్పించాలి. న్యాయాధికారి శిక్షించడంలో పొరబడటం కంటే క్షమించడంలో పొరబడటం మేలు. దీని పరంపర బలహీనమైనదని హదీసువేత్తలు చెప్పారు. అయినా సందేహం ఉంటే కఠిన శిక్ష ఆగిపోవాలన్న సూత్రాన్ని ధర్మశాస్త్రవేత్తలు ఏకకంఠంతో అన్నట్లుగా స్వీకరించారు. దానిని ఖిసాస్‌కు కూడా వర్తింపజేశారు. తన నేరాన్ని తానే ఒప్పుకోవడానికి వచ్చిన మాయిజ్ (రజి)ను దైవప్రవక్త (స) పలుమార్లు ముఖం తిప్పుకుని పంపించారు. అతనికి మతి సరిగా ఉందా అని కూడా విచారించారు. ఒప్పుకోలునే అంతగా పరీక్షించిన ధర్మం మనది. లాకప్‌లో రాబట్టిన ఒప్పుకోలు గురించి ఏమనుకోవాలి?

మన దేశ చట్టం కూడా జాగ్రత్తలు పెట్టింది. అరుదైనవాటిలోకెల్లా అరుదైన కేసుల్లోనే ఉరి వేయాలని సుప్రీంకోర్టు 1980లో బచన్ సింగ్ కేసులో నిర్దేశించింది. అయినా పొరపాట్లు ఆగలేదు. గాంధీనగర్ అక్షర్‌ధామ్ దాడి కేసులో కింది కోర్టు ముగ్గురికి ఉరి వేస్తే హైకోర్టు సమర్థించింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆ ముగ్గురితో సహా ఆరుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. మహారాష్ట్రలో సంచారజాతికి చెందిన ఆరుగురికి 2009లో సుప్రీంకోర్టే ఉరిశిక్షను ఖరారు చేసింది. 2019 మార్చిలో మళ్ళీ అదే కోర్టు వారందరూ నిర్దోషులని తేల్చింది. రాజస్థాన్‌కు చెందిన రావ్‌జీ అనే వ్యక్తికి మాత్రం ఆ అవకాశం దొరకలేదు. అతణ్ణి 1996లో ఉరి తీశారు. అతనికి ఉరి విధించిన తీర్పు 1980 నాటి నియమానికి విరుద్ధమైనదని సుప్రీంకోర్టు 2009లో గుర్తించింది. అప్పటికి పదమూడేళ్ళు గడిచిపోయాయి. ఉగ్రవాద నేరాలు, దేశంపై యుద్ధం చేయడం మినహా మిగతావాటికి మరణశిక్ష రద్దు చేయాలని 2015లో లా కమిషన్ సిఫారసు చేయడానికి ఇలాంటి అనుభవాలే ఒక కారణం.

యూసుఫ్ (అలైహిస్సలాం) చొక్కాలు

సూరా యూసుఫ్‌లో ఒక చొక్కాకు అబద్ధపు రక్తం పూశారు. మరొక చొక్కా వెనుక నుండి చిరిగి సత్యం పలికింది. మొదటి చొక్కా కల్పించిన సాక్ష్యం. రెండవది నిజమైన సాక్ష్యం. నిజమైన సాక్ష్యం కళ్ళెదుట ఉన్నా యూసుఫ్ (అలై) జైలుకే వెళ్ళవలసి వచ్చింది! కొన్నేళ్ళ తరువాత రాజు పిలిచినప్పుడు, ముందు ఆ నిందను విచారించమని కబురు పంపారు. నిర్దోషిత్వం తేలిన తరువాతే బయటికి వచ్చారు. ఈజిప్టు ప్రజలను కరువు నుండి కాపాడారు. ఆయన చెరసాలలో ఉండటం వల్ల ఆ అవకాశం మిగిలింది. ఉరికంబం మీద అలాంటి అవకాశం మిగలదు.

మన బాధ్యత ఏమిటి?

తీర్పు చెప్పే కుర్చీ మనది కాదు. కాని నోరు మనది, సాక్ష్యం మనది, డిమాండు మనది.

1. వార్త వచ్చిన వెంటనే దానిని నిర్ధారించుకోవాలని అల్ హుజురాత్ సూరా 6వ ఆయతు ఆదేశిస్తుంది. ఒకరి ఫోటో పెట్టి 'హంతకుడు' అని వచ్చిన సందేశాన్ని ముందుకు పంపడం సాక్ష్యం చెప్పడంతో సమానం. ఆ సాక్ష్యానికి రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పాలి.

2. తప్పుడు సాక్ష్యం మహాపాపాల్లో ఒకటి. తెలిసిన సాక్ష్యాన్ని దాచడం కూడా పాపమే. ఊరి కక్షల్లో ఇష్టంలేనివాడి పేరు ఇరికించే అలవాటు మన దగ్గర లేదని గుండె మీద చేయి వేసుకుని చెప్పగలమా?

3. ద్వేషం మనల్ని అన్యాయానికి పురికొల్పకూడదని అల్ మాయిదా సూరా 8వ ఆయతు బోధిస్తుంది. ఒక ముస్లిం చేసిన దొంగతనాన్ని ఒక యూదుని మీదికి నెట్టే ప్రయత్నం జరిగినప్పుడు, ఆ నిర్దోషి పక్షాన అన్నిసా సూరా ఆయతులు అవతరించాయని వ్యాఖ్యాతలు తెలిపారు. అక్షర్‌ధామ్ నిర్దోషుల కోసం బాధపడిన మనం సత్యంబాబు కోసం కూడా బాధపడాలి.

4. నిందితుని తల్లి, భార్య, పిల్లలు నిందితులు కారు. ఒకరి బరువు మరొకరు మోయరన్నది ఖుర్ఆన్ నియమం. వారిని ఊరి నుండి వెలివేయడం అధర్మం.

5. బాధిత కుటుంబం పక్కన నిలబడాలి. వారికి కావలసినది ఎవరో ఒకరి శవం కాదు. వారికి సత్యం కావాలి, భద్రత కావాలి, తోడు కావాలి.

నిర్దోషికి ఉరి వేస్తే రెండు అన్యాయాలు జరుగుతాయి. ఒక అమాయకుడు చనిపోతాడు. అసలు హంతకుడు నిశ్చింతగా తిరుగుతాడు. ఆయేషా తల్లిదండ్రులు ఈ సత్యాన్ని తమ పుట్టెడు దుఃఖంలోనే గ్రహించారు. వారి పోరాటాన్ని సబ్ర్ అనడం సబబు. సబ్ర్ అంటే మౌనంగా కూర్చోవడం కాదు, కోపంలో కూడా న్యాయాన్ని వదలకపోవడం.

ప్రళయదినాన ప్రజల మధ్య మొట్టమొదట తీర్పు జరిగేది రక్తం గురించేనని దైవప్రవక్త (స) తెలిపారు. ఆ రోజు కాటా పట్టేది అల్లాహ్. అక్కడ తూకంలో తేడా ఉండదు. అంతవరకు మన చేతిలో ఉన్న కాటాను రెండుసార్లు కాదు, వందసార్లు చూసుకుందాం.

ఇంట్లో చర్చించుకోండి

- ఖిసాస్ ఆదేశంలో క్షమాపణకు ఇచ్చిన స్థానం ఏమిటి?
- మంచి ఉద్దేశం ఉన్నవారి చేతుల్లో కూడా నిర్దోషి ఎలా బలికాగలడు?
- గత నెలలో మనం నిర్ధారించుకోకుండా ఇతరులకు పంపిన నింద ఏదైనా ఉందా? ఉంటే దానిని ఎలా సరిదిద్దుకోవాలి?

ఓ అల్లాహ్! హతులైన మా బిడ్డల మీద నీ కారుణ్యం కురిపించు. వారి తల్లిదండ్రులకు సహనాన్ని, న్యాయాన్ని ప్రసాదించు. మా నాలుకల వల్ల ఏ నిర్దోషి రక్తమూ చిందకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.